ఏదో చేసే ఉంటారులే

సినిమా సగంలో ఉండగా వెనుక వరుసలోంచి ఒక మాట వినిపించింది: "ఊరికే ఎందుకు కొడతారు? ఏదో చేసే ఉంటారులే." అన్నవారు చెడ్డవారు కారు. అయిదు పూటలా నమాజు తప్పనివారు, మొహల్లాలో ఎవరింట చావు జరిగినా ముందుగా వెళ్లి కఫన్ ఏర్పాట్లు చూసేవారు. ఆయన ఆ మాట అనే సమయానికి తెరమీద కూలి కుర్రాళ్లను గుంటూరు పోలీస్ స్టేషన్‌లో చితకబాదుతున్నారు. ఆ కుర్రాళ్లు రాత్రి పార్కులో పడుకుని, తెల్లవారి లేచి పనికి పోయేవారని మొదటినుంచీ అందరమూ చూస్తూనే ఉన్నాము. మాతోపాటు ఆయనా చూశారు. అయినా ఆ మాట వచ్చింది.

మార్కాపురంలో ఒక మిత్రుని ఇంటి మేడమీద, ఇషా నమాజు తరువాత, అరువు తెచ్చిన ప్రొజెక్టరుతో మేము 'విసారణై' ప్రదర్శించాము. ఉర్దూ మాట్లాడే ఇళ్లవారూ, తెలుగే మాట్లాడే నూర్‌బాషా ఇళ్లవారూ కలిసి ముప్పై మంది దాకా వచ్చారు. ఒక పక్క చాపలమీద ఆడవారు కూర్చున్నారు. ఆ రాత్రి సినిమాను చూసినంతగానే చూసేవారిని కూడా గమనించాము. ఈ వ్యాసం ముఖ్యంగా వారిని గురించినది, మమ్మల్ని గురించినది కూడా.

సినిమాను తెలియనివారి కోసం నాలుగు మాటలు. దర్శకుడు వెట్రిమారన్. తమిళంలో 2016 ఫిబ్రవరిలో విడుదలైంది. అంతకు ముందు ఏడాదే వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శన పొంది, అక్కడ ఆమ్నెస్టీ ఇటలీ శాఖ ఇచ్చే పురస్కారం అందుకుంది. మనదేశంలో ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది, ఆస్కారు పోటీకి భారతదేశం తరఫున వెళ్లింది. పాటలు లేవు. రెండు గంటలైనా నిడివి లేదు. మూలకథ ఎం. చంద్రకుమార్ రాసిన 'లాకప్'. ఆయన కోయంబత్తూరులో ఆటో నడుపుకునే మనిషి. 1983లో గుంటూరుకు బతుకుతెరువుకు వచ్చి, చేయని నేరానికి లాకప్ పాలై, ఆ తరువాత నెలల తరబడి జైలులో ఉన్నారు. ఆ అనుభవాన్నే పుస్తకంగా రాశారు. అంటే ఈ కథ జరిగింది ఏ దూరదేశంలోనో కాదు. మన పల్లెల నుంచి ఏటా మిరపకోతలకు కుటుంబాలతో తరలివెళ్లే గుంటూరులోనే.

చూసేవారిలో మేము మొదట గమనించినది భాష సంగతి. సినిమా మొదటి సగంలో పోలీసులు తెలుగు మాట్లాడతారు, దెబ్బలు తినేవారు తమిళం మాట్లాడతారు. తమిళ ప్రేక్షకునికి ఆ తెలుగు అర్థంకాని గద్దింపులా వినిపించి ఉంటుంది. మనకు దానికి పూర్తిగా తిరగబడింది. కొట్టేవాని మాట ప్రతి అక్షరమూ మనకు తెలుస్తుంది, ఏడ్చేవాని మాటే తెలియదు. చెన్నైలో నాలుగేళ్లు పనిచేసి వచ్చిన ఒక కుర్రవాడు గోడకు ఆనుకుని నిలబడి, ఆ తమిళాన్ని మాకు తెలుగులో చెబుతూ వచ్చాడు. అతడు చెప్పేలోగా మాలో కొందరు పోలీసు పాత్రధారి అజయ్ ఘోష్ విసిరే మాటలకు నవ్వారు కూడా. ఆ నవ్వును మేము తప్పుపట్టడం లేదు. మనకు తెలిసిన భాష ఎవరు మాట్లాడితే మనసు ముందు వారి పక్కన కూర్చుంటుంది. "ఏదో చేసే ఉంటారులే" అన్న మాట ఆ కుర్చీలోంచే వచ్చిందని మా అభిప్రాయం.

కోర్టు సన్నివేశం వచ్చేసరికి ఇదే సంగతి కథలోనూ ఎదురైంది. న్యాయమూర్తికి తమిళం రాదు. కుర్రాళ్లు ఒప్పుకున్నారని పోలీసులు చెబుతున్నారు. వేరే పనిమీద అక్కడికి వచ్చిన తమిళనాడు పోలీసు అధికారి వారి మాటలను తర్జుమా చేసి చెప్పినందువల్ల మాత్రమే వారు బయటపడతారు. ఆ సన్నివేశంలో మా దుబాసీ కుర్రవాడు మాట్లాడడం మానేశాడు. ఎవరూ అతన్ని అడగలేదు. అక్కడ అందరికీ అర్థమైంది.

వారిలో ఒకని పేరు అఫ్సల్. రాత్రివేళ పోలీసుల చేతికి చిక్కిన అతని పేరు వినగానే వారికి తోచేది ఉగ్రవాద సంస్థల పేర్లే. ఈ పాత్ర గురించి మా ఆడవారే ఎక్కువ మాట్లాడారు. మన సినిమాలలో ముస్లిం పాత్ర అయితే బాంబులు పెడుతుంది, కాకపోతే కథానాయకుని కోసం ప్రాణం ఇచ్చి, దేశభక్తిని రుజువు చేసుకుని కన్నుమూస్తుంది. అఫ్సల్ ఈ రెండూ చేయడు. భయపడతాడు, దెబ్బలకు తాళలేకపోతాడు. ఒక ఖాలా అన్నారు: "మన పిల్లోడు లాగే ఉన్నాడు గదా, సినిమా వాడిలాగా లేడు." ఆ పాత్రపై ఇంతకంటే మంచి సమీక్షను మేము ఎక్కడా చదవలేదు.

కుర్రవారి స్పందన వేరు. బెంగళూరులో బేల్దారి పనికి వెళ్లి పండుగకు వచ్చినవారు కొందరున్నారు. "వీడు తిరగబడడేమిటి?" అని ఒకడు, "ఒక్క ఫైటూ లేదు" అని మరొకడు. పోలీసు కథానాయకుడు లాఠీ లేపితే ఈలలు వేసే సినిమాల మీద పెరిగిన పిల్లలు వారు. వారిని మాత్రమే అనడమెందుకు? 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి వంతెన దగ్గర దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ నలుగురిలో ఒకడు ముస్లిం, ముగ్గురు కారు. ఆ రోజు మన మొహల్లాల్లోనూ చప్పట్లు కొట్టిన చేతులున్నాయి. ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరానికి రక్తం ఉడకనివారు లేరు, నిజమే. కానీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో బయటపెట్టిన నివేదిక, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని చెప్పినప్పుడు ఆ పూలు ఏరుకున్నవారు కనిపించలేదు.

ఆ రాత్రి వచ్చినవారిలో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకరున్నారు. సినిమా అయ్యాక అందరూ ఆయనవైపే చూశారు. ఆయన కోపగించుకుంటారనుకున్నాము. "పైనుంచి రోజుకు నాలుగుసార్లు ఫోను వస్తది, కేసు ఏమైందని. కింద ఉన్నోడు ఎవరినో ఒకరిని తేవాల. అడిగేవాళ్లు లేనోడిని తెస్తాడు," అన్నారు. ఇంకేమీ అనలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

అడిగేవాళ్లు లేనివాడు. ఈ మాట విన్నప్పుడు మాకు 2015 ఏప్రిల్ 7 గుర్తుకు వచ్చింది. ఆ తెల్లవారుజామున శేషాచలం అడవిలో తమిళనాడు నుంచి వచ్చిన ఇరవై మంది కూలీలను ఎర్రచందనం దొంగలంటూ కాల్చి చంపారు. అదే రోజు ఆలేరు దగ్గర, వరంగల్ నుంచి హైదరాబాద్ కోర్టుకు తరలిస్తున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వ్యానులో, సంకెళ్లతో ఉండగానే కాల్పులకు బలయ్యారు. రెండు తెలుగు రాష్ట్రాలు, ఒకటే తేదీ. ఒకచోట తమిళులు, మరొకచోట ముస్లింలు. ఎర్రచందనం మన గిద్దలూరు అడవిలోనూ ఉంది కనుక శేషాచలం వార్త మన బస్టాండ్లలో చర్చకు వచ్చింది. అక్కడ మేము ఎక్కువగా విన్న మాట, వెనుక వరుసలో విన్న మాటే.

ఇది కొత్త మాటా కాదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ ఉదంతం జరిగినప్పుడు మేము కాలేజీలో చదువుతున్నాము. నల్లకుంట స్టేషన్‌లో ఆమెకు జరిగిన అత్యాచారాన్నీ, ఆమె భర్త మరణాన్నీ జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. తరువాత కేసు రాయచూరు కోర్టుకు వెళ్లి అందులోని పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ మధ్యకాలమంతా ఆమె ఎలాంటి మనిషి అన్న దానిమీదనే చర్చ నడిచింది.

ఇక నంద్యాల. గిద్దలూరు నుంచి నల్లమల దాటితే నంద్యాల. పెళ్లి సంబంధాలకూ ఆసుపత్రులకూ మనవారు నిత్యం పోయే ఊరు. 2020 నవంబరు 3న పాణ్యం దగ్గర ఒక ఆటో డ్రైవరు, ఆయన భార్య, ఇద్దరు బిడ్డలు గూడ్సు రైలు కింద పడి చనిపోయారు. ఆయన అంతకుముందు బంగారు నగల దుకాణంలో పనిచేసేవాడు. అక్కడ దొంగతనం జరిగిందని కేసు పెట్టి జైలుకు పంపారు. బెయిలుపై వచ్చి ఆటో నడుపుకుంటుండగా, ఆటోలో ప్రయాణికుని డబ్బు పోయిందని మళ్లీ పిలిపించసాగారు. చావుకు ముందు ఆ దంపతులు తీసుకున్న సెల్ఫీ వీడియోలో తాము ఏ దొంగతనమూ చేయలేదని, పోలీసుల వేధింపులు భరించలేకపోతున్నామని చెప్పుకున్నారు. వీడియో బయటకు వచ్చాక రాష్ట్రమంతా అట్టుడికింది. సి.ఐ., హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు, త్వరలోనే బెయిలు పొందారు. ప్రభుత్వం కుటుంబానికి పరిహారం ప్రకటించింది.

మేము చెప్పదలచినది వీడియోకు ముందు రోజులను గురించి. రైలు కింద నలుగురు పడ్డారన్న వార్త మాకు చేరినప్పుడు గిద్దలూరులో ఒక టీ అంగడి దగ్గర నలుగురం నిలబడి మాట్లాడుకున్నాము. బంగారం కేసట, అన్నారు ఒకరు. నిప్పు లేనిదే పొగ రాదు కదా, అన్నారు మరొకరు. మేము కాదనలేదు. తల ఊపాము. చనిపోయినవాడు మనవాడు, అతని బిడ్డలు మన బిడ్డల వయసువారు. అయినా తల ఊపాము. వీడియో రాకపోయి ఉంటే ఈనాటికీ ఆ తల ఊపు అలాగే ఉండేది. హుజురాత్ సూరా అనుమానాన్ని గురించి చేసిన హెచ్చరికను జుమా ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

తమిళంలో విసారణై అన్నా, తెలుగులో విచారణ అన్నా ఒకటే మాట. ఆ మాటతో మాకు ముప్పై ఏళ్లకు పైగా పరిచయం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా "విచారించగా తెలియవచ్చినదేమనగా" అన్న వాక్యాన్ని ఎన్ని వందల నివేదికల్లో రాశామో చెప్పలేము. వాటిలో రెండు మూడు, స్టేషన్‌కు పిలిపించిన మనుషుల చావులకు సంబంధించినవి. అనారోగ్యం అని ఉండేది, మేము శుభ్రమైన దస్తూరీతో ప్రతి రాసేవాళ్లము. ఎవరిని విచారించగా తెలియవచ్చినది అని పై అధికారిని ఏనాడూ అడగలేదు. పెన్షన్ తీసుకుంటున్నాము కనుక ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నామని ఎవరైనా అంటే మా దగ్గర జవాబు లేదు.

చట్టం చెప్పేది మాత్రం ఆ రాత్రి కుర్రవారికి వివరించాము. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు నిందితునిపై సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే అన్నది. కొత్త చట్టంలోనూ ఆ నిబంధన ఉంది. అయితే నిందితుడు చెప్పిన చోట సొత్తు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. అందుకే స్టేషన్లలో 'రికవరీ' అన్న మాటకు అంత విలువ. నంద్యాలలోనూ, గుంటూరు లాకప్‌లోనూ అడిగింది అదే. అరెస్టు చేసిన ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టు సంగతి ఇంటివారికి తెలియజేయాలి, అరెస్టు మెమో రాయాలి, వైద్య పరీక్ష చేయించాలి అని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ప్రతి స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో మళ్లీ చెప్పింది. చిత్రహింసలకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై 1997లో సంతకం చేసిన మన దేశం ఇప్పటికీ దానిని ధ్రువీకరించలేదు.

ఇలాంటి సినిమాలు పిల్లలకు పిరికితనం నేర్పుతాయని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. తోసిపారేయదగిన మాట కాదు. కొట్టే సన్నివేశాలు ఇంత సేపు అవసరమా అని మాకూ అనిపించింది. రెండో సగంలో రాజకీయ నాయకుల ఆడిటరు కథ కొంత తికమకగా సాగింది, మా ఆడవారిలో సగం మంది అప్పటికే లేచి వెళ్లారు. ముగింపులో ఎవరూ మిగలరు, కాపాడినవాడు కూడా మిగలడు. నిద్ర పట్టని ముగింపు. కానీ పెద్దాయనకు మేము చెప్పిన జవాబు ఒక్కటే. మన పిల్లలు ఆ భయాన్ని సినిమా చూసి నేర్చుకోవడం లేదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు పేరు చెప్పవలసి వచ్చే ప్రతి ఊరిలోనూ నేర్చుకుంటున్నారు. దానిని గురించి మాట్లాడుకునే చోటు మాత్రం వారికి ఆ మేడమీదనే దొరికింది.

వెనుక వరుసలో మాట అన్నవారు ప్రొజెక్టరు సర్దే దాకా ఉండి, కుర్చీలు మోయడంలో సాయం చేశారు. తాను అన్న మాటను గురించి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. వచ్చే నెల గిద్దలూరులో వేస్తే తన తమ్ముని ఇంట్లో వేద్దామని, అక్కడ హాలు పెద్దదని అన్నారు. అఫ్సల్‌ను మన పిల్లోడన్న ఖాలా ఆ రాత్రే బెంగళూరులో ఉన్న కొడుక్కు ఫోను చేసి, పనికి పోయేటప్పుడు ఆధార్ కార్డు జేబులో పెట్టుకోమని, మేస్త్రీ ఫోను నంబరు కాగితం మీద రాసి తనకు పంపమని చెప్పారట. మర్నాడు ఆ కాగితాన్ని మా దగ్గరకు తెచ్చి, మా పుస్తకంలో కూడా ఎక్కించుకోమన్నారు.