రంగుల రాళ్లు



1998 జనవరిలో మేము నుమాయిష్ చూద్దామని పట్నం వెళ్లి, నాంపల్లిలో మా తమ్ముని ఇంట దిగాము. ఆ రోజు నుమాయిష్‌లోను, ఆబిడ్స్ దుకాణాలలోను తిరిగి, ఆడపిల్లలకు గాజులు కొనుక్కొని రాత్రికి ఇల్లు చేరాము. తమ్ముని కొడుకు, పదేళ్లవాడు, కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. "ఎప్పుడు చూసినా ఆ ఆటే! లే!" అని తమ్ముడు గద్దించాడు. చిన్నవాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మాకూ నేర్పు నాయనా" అని మేము వాని ప్రక్కన కూర్చున్నాము.

ఆ ఆట పేరు కాలమ్స్. జే గీర్ట్‌సెన్ అనే ఆయన 1989లో దీనిని తయారు చేశాడు. 1990లో జపాను దేశపు సెగా కంపెనీ దీనికి పేరు తెచ్చింది.

ఆడే విధానం సులువే. నిలువుపాటి పెట్టెలోకి పైనుండి రంగురాళ్లు మూడేసి, ఒకదానిపై ఒకటిగా దిగుతాయి. మీటలు నొక్కి వాటిని కుడి ఎడమలకు జరపవచ్చు. ఏది పైన, ఏది క్రింద అన్నది మార్చవచ్చు. అడ్డంగా మాత్రం పడుకోబెట్టలేము. ఒకే రంగు రాళ్లు మూడు నిలువుగా గాని, అడ్డంగా గాని, ఏటవాలుగా గాని కలిస్తే మాయమవుతాయి. పైనున్నవి క్రిందికి జారి మళ్లీ కలిస్తే మార్కులు ఇంకా ఎక్కువ. కుప్ప పైకంటా పెరిగితే ఆట ముగిసినట్టే. పోనుపోను వేగం హెచ్చుతుంది. కాబట్టి కుప్పను ఎత్తు పెరగనివ్వక, తరువాత రాబోయే రాళ్లను ప్రక్కన చూసుకుంటూ, ఏటవాలు వరుసలను మరువక ఆడాలి.

అంతా చెప్పిన చిన్నవాడు మాటిమాటికీ ఆకుపచ్చ రాయిని ఎర్రవాటిపై పెడుతున్నాడు. "ఒకటే రంగు కదా పెదనాన్నా, పోవేమి?" అన్నాడు. మాకు అనుమానం వచ్చింది. కొన్న గాజులు మంచంమీద పోసి, ఎరుపు, ఆకుపచ్చ వేరు చేయమన్నాము. రెండూ కలిపేశాడు. తమ్ముడు నోట మాట లేక నిలబడ్డాడు. బొమ్మలకు రంగులు తప్పు వేస్తున్నాడని వానిని ఎన్నిసార్లు కొట్టాడో!

మరునాడు కంటి డాక్టరు రంగు చుక్కలలో దాగిన అంకెలు చదివించి, ఇది పుట్టుకతో వచ్చినదని, తల్లివైపు నుండి మగపిల్లలకు ఎక్కువగా వస్తుందని, దీనికి మందు లేదని చెప్పాడు. నాంపల్లి స్టేషనులో బండ్లు చూసి డ్రైవరునవుతానని కలలుగన్న బిడ్డ! సిగ్నలు చూడవలసినవారికి రంగుల చూపు తప్పనిసరి. దుఃఖించాడు గాని, చిన్ననాడే తెలిసినందున వేరే దారి చూసుకున్నాడు. నేడు రైల్వే లెక్కల ఆఫీసులో పనిచేస్తున్నాడు.

సెగా వారి ఆటలో రాళ్ల ఆకారాలు కూడా వేరువేరు; ఇటువంటి పిల్లలకు అదే మేలు. ఆటకు హద్దు పెట్టండి, అరగంట చాలు. అయితే గద్దించక ముందు ఒక్కసారి బిడ్డ ప్రక్కన కూర్చుని ఆడండి. మా తమ్ముడు ఆ రాత్రే కూర్చున్నాడు.