గోదారి గట్టు కబుర్లు: గెడ దొంగలు

మొన్న శనివారం తెల్లారేసరికి మా వాకిట్లో మోకాలి లోతు మంచు పడి ఉంది. పార పుచ్చుకుని కారు దాకా దారి తీసేసరికి నడుం పట్టేసింది. లోపలికొచ్చి కాఫీ తాగుతుంటే మా మనవడు, "తాతా, మీ ఊళ్ళో కూడా చలికాలం ఇంత పనుండేదా?" అని అడిగాడు. ఉండేది నాయనా, కాకపోతే అక్కడ పని చేస్తుంటే నవ్వొచ్చేది, ఇక్కడ నడుంనొప్పి వస్తోంది అన్నాను. వాడికి చెప్పిన కథే ఈ నెల మీకూ చెబుతున్నాను.

మాది కోనసీమలో, ముక్తేశ్వరం రేవుకి దగ్గర్లో, గౌతమి పాయలో ఉన్న ఒక లంక. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నించీ నీళ్ళు చాలా మటుకు కాలవల్లోకి పోతాయి గదా, అంచేత ధనుర్మాసం వచ్చేసరికి మా వేపు గోదారి బాగా తీసేసేది. ఎటు చూసినా ఇసక మేటలే. లంకకీ ఏటిగట్టుకీ మధ్యనున్న చిన్న పాయలో మాత్రం నిలువు లోతు నీళ్ళుండేవి. అది దాటడానికి ఒక నావ, నావకొక తాత.

మా జట్టు ముగ్గురం. మునసబుగారి రెండోవాడు, వడ్రంగి మావయ్యగారబ్బాయి, నేను. పేర్లు రాయను. వాళ్ళ మనవలెవరైనా ఈ పత్రిక చదివితే నా కొంప మునుగుతుంది. పొద్దున్నే పొగతోటకి కావిళ్ళతో నీళ్ళు మొయ్యాలి. మొక్కలకి పిలకలు తియ్యాలి. ఆ జిగురు వేళ్ళకి పట్టిందంటే ఇసకతో రుద్దినా ఓ పట్టాన వదలదు. దాంతోనే బడికెళ్ళి పలక పట్టుకుంటే పలక కూడా చేతినంటుకునేది. సాయంత్రం గొడ్ల సావిట్లో పేడ ఎత్తి, గారెల్లాగా మధ్యలో చిల్లు పెట్టి భోగి పిడకలు చేసి గోడకి కొట్టేవాళ్ళం. ఎవరి దండ పొడుగన్నది పెద్ద పంతం. ఆదివారాలు అరటి బోదెలు నాలుగు కట్టి తెప్ప చేసుకుని పాయలో తిరగడం, ఇసకలో తేగలు కాల్చుకు తినడం. ఇంట్లో అడిగితే "లెక్కలు చేసుకుంటున్నాం" అనేవాళ్ళం.

1960 భోగికి మంట మా వీధిదే పెద్దదై తీరాలని పట్టు పట్టాం. తెల్లవారుజామున మూడింటికి లేచి కట్టెల వేటకి బయల్దేరాం. విరిగిన నులకమంచం ఒకటి, రెండు తాటిమట్టలు దొరికాయి. తాత పాక చూరు కింద పొడుగాటి వెదురు ఒకటి కనబడింది. మరి ఆలోచించలేదు, పట్టుకొచ్చి మంటలో పడేశాం. కాసేపటికి కణుపులు ఫట్టు ఫట్టుమని పేలడం మొదలెట్టాయి. టపాకాయలు కొనకుండానే వచ్చాయని మేం గంతులేస్తుంటే, ఆ చప్పుడుకి తాత లేచి వచ్చాడు. మేం కాల్చింది కట్టె కాదు, ఆయన నావ నడిపే గెడ!

తాత మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిన్నగా మా నాన్నగారి దగ్గరికెళ్ళి, "ఆయ్, డబ్బులొద్దండి. పిల్లల్ని నెల్లాళ్ళు నాకొదిలెయ్యండి" అన్నాడు. మునసబుగారు కూడా సరేనన్నారు. కనుమ వెళ్ళిన మర్నాటి నుంచీ బడి అవగానే రేవుకి హాజరు. నావలో నీళ్ళు తోడడం, పలకల సందుల్లో కొబ్బరి పీచు కుక్కడం, గుగ్గిలం నూనె పుయ్యడం. అదయ్యాక గెడ చేతికిచ్చాడు. మొదటిసారి నేను అవతలి రేవుకేసి తిన్నగా పట్టాను. నావ వాలుకి కొట్టుకుపోయి ఇసక మేటెక్కి కూచుంది. నావలో ఉన్న పెళ్ళివారు దిగి మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళారు. తాత పడీ పడీ నవ్వి, "అవతలి రేవు కావాలంటే ముక్కు ఎగువకి పెట్టాలి బాబూ. వరదొస్తే నడి ఏట్లోకి పోకండి, చెట్ల వారన పొండి" అన్నాడు. ఆ రెండు ముక్కలూ నెల రోజుల్లో వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు.

నేను 1974లో ఈ దేశం వచ్చేశాను. 1986 ఆగస్టు వరద సంగతి గోదారి జిల్లాల వాళ్ళెవరూ మర్చిపోరు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు. ఇక్కడ పేపర్లో నాలుగు లైన్లు వేశారు. మా అమ్మ లంకలో ఒక్కత్తే ఉంది. ఊళ్ళో ఫోను లేదు. తొమ్మిది రోజులు నేనూ మా ఆవిడా అన్నం దగ్గర కూచునేవాళ్ళం, లేచేవాళ్ళం. పదోనాడు "అమ్మ క్షేమం" అని టెలిగ్రాం వచ్చింది. కింద పేరు వడ్రంగి మావయ్యగారబ్బాయిది.

ఆ డిసెంబర్లో వెళ్ళాను. తాత అప్పటికే పోయాడు. జరిగిందంతా అమ్మే చెప్పింది. ఇంట్లో రొమ్ము లోతు నీళ్ళొస్తే అమ్మ అటకెక్కింది. మా వాళ్ళిద్దరూ తాత కొడుకు నావ తీసుకుని, కొబ్బరి చెట్ల వారనే గెడ వేసుకుంటూ వచ్చి ఆవిణ్ణి దింపారట. పాయ దాటేటప్పుడు బాగా ఎగువకి పోయి, ముక్కు ఎగువకి పెట్టి, సరిగ్గా ఏటిగట్టు మెట్ల దగ్గరికి చేర్చారట. నేను దణ్ణం పెట్టబోతే వడ్రంగివాడు నా చెయ్యి తోసేసి, "ఒరేయ్, వరదేం కష్టం కాదురా. పిన్నిగారు ఆవకాయ జాడీ లేకుండా నావెక్కనన్నారు, అదీ కష్టం" అన్నాడు. అమ్మ ఆ తరవాత పన్నెండేళ్ళు బతికింది.

2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగుల వరదొచ్చినప్పుడు నేను అడక్కముందే వాడి దగ్గర్నించి ఫోనొచ్చింది. "నీళ్ళు అరుగు దాకా వచ్చాయి. మా పెద్దాడు గెడ పట్టాడు, కంగారు పడకు" అని.

ఇదంతా విని మా మనవడు, "మరి నీకూ పడవ నడపడం వచ్చు గదా?" అన్నాడు. వచ్చు. కానీ నడపాల్సిన రోజున నేనిక్కడున్నాను అన్నాను. వాడేమీ అనకుండా, పార తీసుకుని పక్కింటి ముసలావిడ వాకిట్లో మంచు తియ్యడానికి వెళ్ళాడు.

మీకూ అలాంటి నేస్తాలుండే ఉంటారు. ఈ పండక్కి ఒక్కసారి పలకరించండి. ఆ కబుర్లు రాసి పంపితే ఇక్కడే వేసుకుందాం. అన్నట్టు, మన సంఘం భోగిమంటకి కట్టెలు తెచ్చేవాళ్ళకొక మనవి. అవి ఎవరివో అడిగి మరీ తీసుకురండి.