అదే మాట... అదే తాళంచెవి... ముద్ర మాత్రం వేరు!

ఏటా వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలం కొండ జనసంద్రమే. ఏడాదంతా చందనపు పూతలో ఉండే అప్పన్న నిజరూపంలో కనిపించేది ఆ ఒక్కరోజే మరి! ఒకప్పుడు టికెట్టు కావాలంటే క్యూలో నిలబడటమొక్కటే మార్గం. ఇప్పుడు దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. గోపాలపట్నంలో ఉన్న అమ్మమ్మ కోసం హైదరాబాద్‌లో ఉన్న మనవడు ఫోన్లోనే డబ్బు కట్టేయొచ్చు.

అయితే ఇలాంటి ఏ చెల్లింపులోనైనా తెర వెనక ఓ చిక్కుంటుంది. డబ్బు తీసుకునేది ఒక కంప్యూటరు, టికెట్టు ఇచ్చేది మరొకటి. ‘ఫలానావారి డబ్బు ముట్టింది’ అని మొదటిది రెండోదానికి కబురంపుతుంది. ఆ కబురు నిజంగా అక్కణ్నుంచే వచ్చిందా, దారిలో ఎవరైనా అంకె మార్చారా, అసలు ఏ ఆకతాయో పుట్టించాడా... తేలేదెలా?

పూర్వం ఉత్తరం మీద లక్క కరిగించి ముద్ర వేసేవారు. చాలా చెల్లింపు వ్యవస్థలు ఇప్పుడు వాడే ‘హెచ్‌మ్యాక్’ కూడా అలాంటి ముద్రే. మిహిర్ బెల్లారే, రాన్ కానెట్టి, హ్యూగో క్రావ్‌చిక్ అనే ముగ్గురు 1996లో దీన్ని ప్రతిపాదించారు. 1997లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. రెండు కంప్యూటర్లూ ఒక రహస్య తాళంచెవిని ముందే పంచుకుంటాయి. పంపేది కబురునీ తాళంచెవినీ కలిపి ఓ లెక్క చేస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలోనైతే కబురు ఎంత పొడుగున్నా ముద్ర 32 బైట్లే. కబురులో ఒక్క చుక్క మారితే ముద్ర మొత్తం మారిపోతుంది. అందుకున్నది అదే లెక్క చేసి పోల్చుకుంటుంది. సరిపోతే టికెట్టు, లేకపోతే తిరస్కారం.

లెక్క ఒక్కటే కాబట్టి అటు జావాలో రాసినా ఇటు పీహెచ్‌పీలో రాసినా ముద్ర ఒకేలా రావాలి. కానీ చాలాసార్లు రాదు! అటు ఖాతాలో డబ్బు పోతుంది, ఇటు టికెట్టు రాదు. ఇంజినీర్లు రాత్రంతా తలలు పట్టుకుంటారు. లెక్క తప్పా? కాదు. అసలు కిటుకు అక్షరాల్లో ఉంది.

హెచ్‌మ్యాక్‌కి అక్షరాలు తెలియవు. దానికి తెలిసింది బైట్లే. ‘సింహాచలం’ మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో గుణింతం, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ఎనిమిది. వాటిని యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే 24 బైట్లు, యూటీఎఫ్-16లో దాస్తే 16 బైట్లు. ఒకరు ఇదీ మరొకరు అదీ వాడితే ముద్రలు కలిసేదెలా? 2022లో వచ్చిన 18వ వెర్షన్‌కి ముందు, జావాలో ఏ పద్ధతో స్పష్టంగా చెప్పకపోతే అది ఆ కంప్యూటరు అలవాటును బట్టి నడిచేది. ఇంగ్లిషుకు మాత్రమే అలవాటుపడ్డ యంత్రంలో ‘సింహాచలం’ కాస్తా ఎనిమిది ప్రశ్నార్థకాలయ్యేది!

ఇంకో తమాషా చూడండి. ‘వైజాగ్’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలు కలిపీ రాయొచ్చు. చివరి పొల్లు తర్వాత కొన్ని టైపింగ్ పరికరాలు కంటికి కనిపించని ఓ గుర్తును వదిలేస్తాయి. చూపుకి ఒకటే మాట, లోపల బైట్లు వేరు... ముద్రా వేరు.

సమాచారాన్ని జేసన్ రూపంలో పంపినా తిప్పలే. మామూలుగా వదిలేస్తే జావాస్క్రిప్ట్ తెలుగును తెలుగుగానే ఉంచుతుంది. పీహెచ్‌పీ, పైథాన్ దాన్ని సంకేతాలుగా మార్చేస్తాయి. పైగా పైథాన్ కామాల తర్వాత ఖాళీలు పెడుతుంది. ఇక తాళంచెవి సంగతి. దాన్ని రాసిచ్చిన అక్షరాలుగానే ఒకరు వాడితే, అసలు బైట్లుగా మార్చి మరొకరు వాడతారు. ముద్రను ఒకరు 64 అక్షరాల హెక్స్‌లో చూపిస్తే, మరొకరు 44 అక్షరాల బేస్-64లో చూపిస్తారు. ఇక్కడ ముద్ర ఒకటే, వేషం వేరు!

గుర్తుంచుకోవాల్సిందేమంటే, ముద్రలు కలవనప్పుడు చేసే తొందరపాటే పెద్ద ముప్పు. ‘జనం గోల చేస్తున్నారు, తనిఖీ ఆపేద్దాం’ అనుకుంటే తలుపు బార్లా తెరిచినట్టే. ‘డబ్బు ముట్టింది’ అని ఎవరు కబురంపినా టికెట్టు వెళ్లిపోతుంది. నిజంగా డబ్బు కట్టినవాళ్లు మాత్రం క్యూలో ఉండిపోతారు.

మందు కష్టమేమీ కాదు. ఈ లెక్కను సరిచూసుకోవడానికి నమూనా కబుర్లు, తాళంచెవులు, వాటికి రావాల్సిన ముద్రలు 2005లోనే ప్రచురించారు. ముందు రెండువైపులా అవి సరిగ్గా వస్తున్నాయేమో చూసుకోవాలి. వస్తుంటే తప్పు లెక్కలో లేదన్నమాట. అప్పుడు రెండువైపులా బైట్లను ముద్రించి లెక్కపెట్టాలి. ఒకచోట 24, మరోచోట 27 ఉంటే దొంగ దొరికినట్టే! అన్నిటికన్నా మేలైన అలవాటు మరొకటుంది. వచ్చిన కబురును విప్పి మళ్లీ పేర్చకుండా, ఎలా వచ్చిందో అలాగే ముద్రతో సరిచూడాలి. ఉత్తరం చింపకముందే లక్కముద్ర చూసిన మన పెద్దలు చేసింది కూడా అదే కదా!