మా పిల్లికి తాయెత్తు కట్టను

మా చిట్టికి తొమ్మిదేళ్ళు. రాయపూర్ తేలీబాంధా చెరువు దగ్గర రోడ్డు మీద దొరికింది. డిఫెన్స్ అకౌంట్స్‌లో నేను రిటైరయిన ఏడాది అది. ఇప్పుడు దాని పొట్ట మీద, చనుమొన పక్కన ఒక గడ్డ ఉంది. డాక్టరు కొలిచి 1.8 సెంటీమీటర్లు అని రాసుకున్నాడు. "కాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు. ఆపరేషన్ చేసి తీసి పరీక్షకి పంపితే గానీ చెప్పలేను" అన్నాడు. వచ్చే సోమవారం ఆపరేషన్.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా ఇంటికి సలహాల వరద! పక్కింటాయన ఊరి బైగా చేత మంత్రించిన దారం తెస్తానన్నాడు. కింద వాటాలో ఆవిడ పసుపు, వెల్లుల్లి నూరి తినిపించమంది. ఇంకొకాయన గోమూత్రం సీసాతోనే వచ్చాడు. నేను కాదంటే అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "నమ్మితే పోయేదేముందండీ?"

ముప్పై ఏళ్ళకి పైగా బిల్లులు ఆడిట్ చేసినవాణ్ణి. పోయేదేమిటో లెక్క చెబుతాను.

మొదట పోయేది కాలం. పిల్లుల్లో రొమ్ము గడ్డలు పదింటిలో ఎనిమిదో తొమ్మిదో కాన్సరువే. రెండు సెంటీమీటర్లలోపు ఉండగా తీసేస్తే ఏళ్ళ తరబడి బతికే అవకాశం బాగా ఉంటుంది. మూడు దాటితే లెక్క నెలల్లోకి దిగుతుంది. దారం కట్టి నలభై రోజులు చూద్దామంటే, ఆ నలభై రోజులూ గడ్డ ఊరుకుంటుందా?

రెండోది ప్రాణం. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. మనకి కూరలో రుచి, దానికి విషం. "ప్రకృతి సిద్ధం కాబట్టి హాని లేదు" అనేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

మూడోది నిజం. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ సిద్ధూ తన భార్య నాలుగో దశ కాన్సర్ నుంచి బయటపడటానికి వేప, పసుపు, నిమ్మరసం లాంటి ఆహారమే తోడ్పడిందన్నాడు. ఆమెకి సర్జరీ, కీమోథెరపీ కూడా జరిగాయి. పనిచేసింది ఒకరు, జీతం డ్రా చేసింది ఇంకొకరు! ఇలాంటి బిల్లు నా టేబుల్ మీదకి వస్తే అబ్జెక్షన్ రాసి తిప్పి పంపేవాణ్ణి. టాటా మెమోరియల్‌కి చెందిన 262 మంది కాన్సర్ డాక్టర్లు అదే చేశారు: ఋజువు లేని మాటలు నమ్మి చికిత్స ఆలస్యం చేసుకోవద్దని ప్రకటన ఇచ్చారు. మా ఛత్తీస్‌గఢ్ సివిల్ సొసైటీ అయితే 850 కోట్లకి లీగల్ నోటీసే పంపింది. డాక్టర్ల సలహాతోనే ఆ ఆహారం పాటించామని సిద్ధూ తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. మరి మొదటి మాట విని కీమో మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకి ఆ వివరణ అందిందా?

"పిల్లికి చట్టాలెక్కడివి?" అనకండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం మంత్రాన్నీ, తాయెత్తునీ పేరు పెట్టి మరీ నిర్వచించింది. "మనుషుల్లో గానీ జంతువుల్లో గానీ" వచ్చే జబ్బు నయం చేస్తాయని చెప్పుకునేవన్నీ అందులోకి వస్తాయి. ప్రకటన నిషేధించిన జబ్బుల జాబితాలో కాన్సర్ ఉంది. మొదటి నేరానికి ఆరు నెలల దాకా జైలు. డెబ్బై ఏళ్ళు దాటింది, తాయెత్తుల దుకాణాలు మాత్రం మూతపడలేదు.

ఇక మనవాళ్ళ సంగతి. సాటి హేతువాది ఒకాయన ఫోన్లో నవ్వాడు: "పిల్లి కోసం ఇంత బెంగా? సెంటిమెంటు కూడా మూఢనమ్మకమే గురువుగారూ!" అయ్యా, శాస్త్రీయ దృక్పథం కోసం మనం ఎప్పుడూ చూపించే రాజ్యాంగం 51ఎ (హెచ్) ఉంది కదా, దాని పై లైను చదివారా? 51ఎ (జి): ప్రాణుల పట్ల దయ కలిగి ఉండటం పౌరుడి విధి. రెండూ 1976లో ఒకే సవరణతో వచ్చాయి. ఒకటి పట్టుకుని ఒకటి వదిలెయ్యమని ఎవరు చెప్పారు? మూఢనమ్మకం అంటే ఋజువు లేకుండా నమ్మడం. చిట్టి పోతే నాకు ఏడుపొస్తుందనడానికి ఋజువు కావాలా?

చివరగా నా మీద నేనే రాసుకోవలసిన అబ్జెక్షన్ ఒకటుంది. ఆ గడ్డ మొదట నా చేతికి తగిలినప్పుడు శనగగింజంతే ఉంది. అప్పటికి రెండు నెలలయింది. ఏ పురుగో కుట్టిందనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అనుకోవాలనుకున్నాను. పరీక్ష చేయించకపోతే జబ్బు లేనట్టే అన్నది నా తాయెత్తు. అంతకు ముందు, ఏడాది లోపే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ ముప్పు చాలా తగ్గుతుందని తెలియక మూడేళ్ళు వాయిదా వేశాను. బైగాని తిట్టే ముందు ఈ లెక్క ఒప్పుకోవాలి.

రిపోర్టులో ఏం వస్తుందో తెలియదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మా ఆవిడ నిన్న అడిగింది, "దండం పెట్టుకుంటే మీకేమైనా అభ్యంతరమా?" అని. లేదన్నాను. దండం ఆమె ఇష్టం. కానీ సోమవారం తొమ్మిది గంటలకి బుట్ట పట్టుకుని ఆటో ఎక్కేటప్పుడు మాత్రం ఇద్దరం ఉండాలి. ఒప్పుకుంది.

మీ ఇంట్లో పిల్లో కుక్కో ఉంటే ఇవాళ ఒకసారి దాని పొట్ట తడిమి చూడండి. ఏదైనా చేతికి తగిలితే రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నాలాగా రెండు నెలలు ఆగకండి.