తోపుఖానాయా? దఫ్తరుఖానాయా?

నాంపల్లి నుండి ఆబిడ్సు మీదుగా ఫతే మైదానమునకు పోవువారు గన్‌ఫౌండ్రీ యను పేరును నిత్యము పలుకుదురు. 1786లో నిజాము కొలువులోని పరాసు సేనాని రేమాండు అచట ఫిరంగులు పోయు కార్ఖానా కట్టించెను. 1798లో ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి జరుగగా పరాసు దళములు రద్దయ్యెను. పరాయి సేనకు జీతమిచ్చుటయే రాజ్యమునకు విధి యయ్యెను.

పిదప హైదరాబాదు కంటింజెంటున అధికారుల పదవులు, భత్యములు అక్కరకు మించి పెరిగెను. గవర్నరు జనరలు డల్హౌసీయే యీ సంగతి నొప్పుకొనెను. అయినను బాకీ నిజాము నెత్తిన బడెను. 1853లో బీరారు చేజారెను. దఫ్తరము ఒక సీమనే మ్రింగెను!

నేడు సేన మనది, ధనము మనది. వ్యాధి పోయినదా? 2025–26 బడ్జెటున రక్షణకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించిరి. అందు 1.61 లక్షల కోట్ల పింఛనులను విడిచి చూచినను, ఆయుధములు మొదలగు మూలధన వ్యయమునకు దక్కినది 1.80 లక్షల కోట్లు. అనగా మూడవవంతునకు కొంచెమే యెక్కువ.

అనవసర శాఖలను తగ్గింపుడని షేకట్కరు సంఘము 2016లోనే చెప్పెను. 2021లో సైనిక పాడిక్షేత్రములు మూతపడెను. మేలే! కాని ఆవులను తోలివేయుట సులభము. కుర్చీలను కదల్చుట కష్టము.

జవాను కూటిని, వృద్ధసైనికుని పింఛనును ముట్టుమని మేము కోరము. అవి జాతి తీర్చవలసిన ఋణము. ఒక్క దస్త్రమును పది బల్లలపై త్రిప్పు కొలువులే దుబారా. వానిని తగ్గింపవలెను; మిగిలిన ప్రతి రూపాయి ఆయుధములకే చేరెనని ఏటేట పార్లమెంటున లెక్క చూపవలెను. 1970లో ఈ నగరముననే స్థాపితమైన భారత్ డైనమిక్సు క్షిపణులు చేయుచున్నది. కొలిమి మనకున్నది, బొగ్గును కాగితములకు ఖర్చుపెట్టకుడు!