హాజరుపట్టీలో ఒక పేరు

మొన్న ఆదివారము సాయంకాలము మా జంషెడ్‌పూరులోని బిష్టుపూర్ రామమందిరమున, ఉక్కు కర్మాగారములో ముప్పదియేండ్లు పనిచేసి ఈ మధ్యనే విశ్రాంతి పొందిన నా మిత్రుడొకడు, ప్రసాదపు దొన్నె చేతబట్టుకొని మెట్లమీద నా ప్రక్కను చేరి, పన్నెండవ తరగతి ముగించిన కుమారుని గూర్చి సలహా యడిగెను. తల్లి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమనియు, మేనమామ ఢిల్లీయనియు పట్టుబట్టుచున్నారట. తండ్రికి మాత్రము కద్మానుండి సైకిలుమీద పోయిరాగల ఊరి కళాశాలయే చాలునని యున్నది. "పెద్దదాంట్లో వేయలేదని రేపు నన్నే అంటాడేమో! మీరేమంటారు మాస్టారూ?" అనెను.

1907లో స్థాపితమైన టాటా కంపెనీ కొలుముల చుట్టును పెరిగిన ఊరు మాది. శ్రీకాకుళము, విజయనగరము విడిచి ఇక్కడికి వచ్చిన మన పెద్దలకు 'పెద్దది' అన్నమాట యెడల భక్తి కలుగుట వింత కాదు. కొలిమి పెద్దదైనకొలది ఇనుము చవుక యగును; తరగతి పెద్దదైనకొలది చవుక యగునది చదువే.

అసలు మన దేశమున కళాశాలకును విశ్వవిద్యాలయమునకును గల భేదము, తలిదండ్రులు తలచునంతటిది కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసులయందు లండను పద్ధతిని వెలసిన విశ్వవిద్యాలయములు పరీక్షలు జరిపి పట్టములిచ్చుటకే పుట్టినవి. బోధన యంతయు కళాశాలల పాలైనది. ఆ బాణీ నేటికిని పోలేదు. 1952లో ఆరంభమైన మా కో-ఆపరేటివ్ కళాశాలనే చూడుడు: ఒకప్పుడు రాంచీ విశ్వవిద్యాలయపు నీడన నుండెను, 2009లో చాయిబాసా కేంద్రముగా కొల్హాన్ విశ్వవిద్యాలయమేర్పడగా దాని నీడకు వచ్చెను. పట్టాపై పేరు మారినది గాని పాఠము చెప్పు గది మారలేదు. మహిళా కళాశాల సంగతి మరియు చిత్రము: 1953లో చిన్నదిగా పుట్టి నేడు తానే విశ్వవిద్యాలయమై కూర్చున్నది! మేనమామ మెచ్చిన ఢిల్లీలో సైతము పిల్లవాడు చేరునది ఏదో యొక కళాశాలయందే.

నేను చిన్న కళాశాలలో చదివితిని. ఆమ్లములో క్షారము చుక్కచుక్కగా విడుచుచు, ఏ చుక్కకు గులాబిరంగు తిరుగునో యని ఊపిరి బిగబట్టి బ్యూరెట్టు త్రిప్పుచుండగా, వెనుక నిలిచిన మాస్టారు నన్ను పేరుపెట్టి పిలిచి, "ఇంకొక్క చుక్క, అంతే, ఆగు" అనిన ధ్వని నా చెవిని ఇప్పటికిని ఉన్నది. పిమ్మట చేరిన పెద్ద విశ్వవిద్యాలయమున ఒక్క బ్యూరెట్టు చుట్టును అయిదుగురము మూగెడివారము. ఒకడు త్రిప్పును, నలుగురము చూతుము. నా రికార్డుపై సంతకము చేసిన ఆచార్యునకు హాజరుపట్టీలో నా సంఖ్య తెలియును గాని పేరు తెలియదు. అయినను అక్కడి గ్రంథాలయమున గడపిన రాత్రులకు నేను ఋణపడియున్నాను. కాని వాని రుచి తెలియుటకు నాకప్పటికి ఇరువది యొక్క యేండ్లు నిండినవి, చదువుట యెట్లో ఒకరు ముందే నేర్పియుండిరి.

కావున పదునేడేండ్ల పిల్లవానికి మొదటి పట్టము వరకు చిన్న కళాశాలయే మేలనియు, ఆపైన పెద్దదానికి పంపవలెననియు నా యభిప్రాయము. దీనికి మినహాయింపు లేకపోలేదు. ఊరి కళాశాలలో దొరకని శాస్త్రముపై మనసుపడిన పిల్లలు కలరు. ఇరుగుపొరుగుల కన్ను తప్పించుకొన్నగాని వికసింపని పిల్లలును, విశేషించి ఆడపిల్లలు, కలరు. వారిని ఆపకుడు. చిన్నదనిన చాలునా, పంతుళ్లులేని చిన్న కళాశాల వట్టి చిన్న గోడలే గదా యని మీరనవచ్చును, నిజమే.

అందుచేత రుసుము కట్టుటకు ముందు, పనిదినమున ఒక మధ్యాహ్నము పిల్లవానిని వెంటబెట్టుకొని కళాశాలకు వెళ్లుడు. గ్రంథాలయము తాళము తీసియున్నదో లేదో, ప్రయోగశాలలో ఒక్క బ్యూరెట్టుకు ఎందరో లెక్కించి రండు.