కరువు సీమ కథ వినిపించాలి

‘రాయలసీమ’ అన్న పేరు స్థిరపడింది 1928లో, నంద్యాల సభావేదిక మీద. దాన్ని సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాల అధ్యాపకుడు. ఆ ప్రసంగ సంప్రదాయాన్ని అనంతపురం మళ్లీ అందుకోవాలి.

చెప్పవలసింది చాలా ఉంది. పడమటి కనుమల వానచాటున ఉన్న అనంతపురం పీఠభూమికి ఏడాదికి దక్కే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఇసుక గాలికి లేచి పొలాల్లో మేట వేస్తోంది. అయినా నీటి విద్య ఈ సీమకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం (1369) చెరువుకు ఏ చోటు తగునో, ఏ దోషాలు కూడవో వివరిస్తుంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్కా చెబుతుంది. ఇంజనీరింగ్ విద్యార్థులందరూ చదవాల్సిన రాయి అది. కళకు లేపాక్షి పైకప్పు చిత్రాలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు ఉండనే ఉన్నాయి.

శాసనం చదివే పండితుడు, వాన లెక్కలు కట్టే శాస్త్రవేత్త, బొమ్మలాడించే కళాకారుడు ఒకే వేదిక ఎక్కాలి. వేరుశనగ రైతుకూ బడిపిల్లలకూ అర్థమయ్యే తెలుగులో మాట్లాడాలి. కళాశాలలు, గ్రంథాలయాలు ఈ వేసవిలోనే అందుకు పూనుకోవాలి.